ఇబ్నుస్సబీల్: మక్కా నుంచి మదీనాకు ఒక రోజు ప్రయాణం

జకాత్ ఎవరెవరికి చెందుతుందో దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ ఆయత్ చెబుతుంది. మొత్తం ఎనిమిది వర్గాలు. ఆదివారం దీనీ తరగతిలో పిల్లలను వరుసగా చెప్పమంటే ఫకీర్లు, మిస్కీన్లు, జకాత్ వసూలు చేసే ఉద్యోగులు అంటూ గబగబా మొదలుపెడతారు. ఎనిమిదో వర్గం దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. అదే ఇబ్నుస్సబీల్. మాటకు మాట పెడితే ‘దారి బిడ్డ’. మనం బాటసారి అంటాం. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడు లేచి, “సార్, ఊరెళ్లేవాడి దగ్గర డబ్బులుంటాయి కదా, అతనికి జకాత్ ఎందుకు?” అని అడిగాడు. మంచి ప్రశ్న. పెద్దలకూ ఈ సందేహం ఉంటుంది, కాకపోతే పైకి అడగరు. రంజాన్‌లో లెక్క తీసేటప్పుడు పేదవారు, వితంతువులు, అనాథలు, అప్పులవాళ్లు గుర్తొస్తారు. బాటసారి గుర్తురాడు. పాతకాలంలో ఒంటెల మీద తిరిగేవాళ్ల కోసం పెట్టిన నియమమేమో, ఇప్పుడు వర్తించదేమో అనుకుంటాం.

దీనికి నిర్వచనాలతో జవాబు చెబితే మనసుకు ఎక్కదు. ఒక్క రోజు ప్రయాణాన్ని ముందు పెట్టుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. హజ్‌కో ఉమ్రాకో వెళ్లివచ్చిన ప్రతి ఒక్కరికీ తెలిసిన రోజు ఒకటుంది. మక్కా వదిలి మదీనాకు వెళ్లే రోజు. పరాయి దేశంలో ఒక నగరం నుంచి ఇంకో నగరానికి, భాష రాకుండా, సొంత బండి లేకుండా, తోటివాళ్లను నమ్ముకుని వెళ్లే రోజు అది. నేను ఉమ్రాకు వెళ్లినప్పుడు మా జట్టులో అంతా గుంటూరు, నల్లపాడు, ప్రత్తిపాడు వైపు వాళ్లమే. ఇద్దరం ఉపాధ్యాయులం, ఒక మిర్చియార్డు గుమాస్తా, రిటైరైన పోస్ట్‌మాస్టరు, పత్తి వ్యాపారి, మా కుటుంబాలు. ఏళ్ల తరబడి ఒకరినొకరు ఎరిగిన స్నేహితులం. మాతోపాటు ఒక ఆలిం సాబ్ కూడా ఉన్నారు. ఆ రోజు నేర్చుకున్నదే ఈ పాఠం.

సామాను కట్టేముందు

ముందుగా ఒక అపోహ. మదీనా వెళ్తేనే హజ్ పూర్తవుతుందని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. కాదు. హజ్ విధులన్నీ మక్కా, మినా, అరఫాత్, ముజ్దలిఫాలలోనే ముగుస్తాయి. ఉమ్రా మక్కాలోనే ముగుస్తుంది. మదీనా ప్రయాణం మస్జిదె నబవీ జియారత్ కోసం. అక్కడ చేసే ఒక్క నమాజు, మస్జిదుల్ హరాం తప్ప మిగతా మసీదుల్లో చేసే వెయ్యి నమాజుల కన్నా మేలని హదీసు. అంత గొప్ప భాగ్యం. కానీ హజ్‌లో భాగం కాదు. అలాగే ‘నలభై నమాజులు’ అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. రోజుకు ఐదు చొప్పున ఎనిమిది రోజులు. ఆ హదీసు బలాబలాల మీద ముహద్దిసులలో భిన్నాభిప్రాయాలున్నాయి. కుదిరితే సంతోషం, కుదరకపోతే హజ్‌కు లోపమేమీ రాదు. ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, లెక్క తప్పిపోతుందన్న భయంతో జ్వరంతో ఉన్న పెద్దవాళ్లను మంచం మీద నుంచి లేపి బస్సు ఎక్కించేవాళ్లను చూశాను.

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారిలో కొందరి విమానాలు నేరుగా మదీనాలో దిగుతాయి. వాళ్లు అక్కడి నుంచి మక్కాకు వస్తారు కాబట్టి, ఊరి వెలుపల జుల్‌హులైఫా దగ్గర ఇహ్రాం కట్టుకోవాలి. మిగతావారు జిద్దాలో దిగి, మక్కాలో హజ్ ముగించుకుని తర్వాత మదీనాకు వెళ్తారు. మక్కా నుంచి మదీనాకు పోయేవారికి ఇహ్రాం అక్కర్లేదు, మామూలు బట్టలతోనే వెళ్లొచ్చు.

బయట దేశాల నుంచి వచ్చిన హాజీలకు మక్కా వదిలేముందు తవాఫె విదా, అంటే వీడ్కోలు ప్రదక్షిణ, హనఫీ మస్లక్‌లో వాజిబ్. బహిష్టులో ఉన్న స్త్రీకి దాని నుంచి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు తెలియక ఏడ్చే ఆడపిల్లలుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ముందే చెప్పి పంపితే బాగుంటుంది. ఉమ్రాకు వెళ్లినవారికి ఇది వాజిబ్ కాదు. అయినా మాలో చాలామంది చేశారు. కాబాను వదిలి రావడం ఎవరికీ తేలిక కాదు.

ఆ రాత్రి ఇషా తర్వాత ఆలిం సాబ్ అందరినీ కూర్చోబెట్టి, ముగ్గురు ప్రయాణం చేస్తున్నా ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్న హదీసు గుర్తుచేశారు. అబూదావూద్ సంకలనంలో ఉన్న హదీసు ఇది. డబ్బున్న పత్తి వ్యాపారిని ఎన్నుకుంటామని అందరూ అనుకున్నారు. ఆయనే లేచి పోస్ట్‌మాస్టరు గారి పేరు చెప్పారు. మంచి ఎంపిక. ఉత్తరం చిరునామా తప్పకుండా చేర్చడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఆయన అప్పటికప్పుడు ఒక కాగితం తీసి, ఎవరికి ఏ మందులు ఉన్నాయో, ఎవరికి మోకాళ్ల నొప్పో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో రాసుకున్నారు.

బస్సులో

మక్కా నుంచి మదీనా సుమారు 450 కిలోమీటర్లు. దారి పేరే హిజ్రా రోడ్డు. బస్సులో ఐదారు గంటలు పడుతుంది. మధ్యలో ఆగడాలు, తనిఖీలు కలిపితే ఇంకా ఎక్కువే. మన నల్లపాడు నుంచి హైదరాబాదు దాటి ఇంకా పోయినంత దూరం. తేడా ఏమిటంటే ఇక్కడ దారి పొడవునా చేలు, చెరువులు, టీ బడ్డీలు. అక్కడ నల్లటి రాతి కొండలు, ఇసుక. గంటలకొద్దీ అదే దృశ్యం.

మక్కా సరిహద్దు దాటగానే నమాజు సంగతి వచ్చింది. ఈ విషయంలో మన దగ్గర చాలా గందరగోళం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం వెళ్లే ఉద్దేశంతో తన ఊరి పొలిమేర దాటినవాడు హనఫీ ఫిఖ్‌హ్‌లో ముసాఫిర్. జుహర్, అసర్, ఇషా ఫర్జులు నాలుగు రకాతులకు బదులు రెండే చేయాలి. ఇదే ఖసర్. ఫజర్ రెండు, మగ్రిబ్ మూడు, విత్ర్ మూడు ఎప్పటిలాగే. చేరిన ఊళ్లో 15 రోజులు లేదా అంతకు మించి ఉండాలని నిశ్చయించుకుంటే మళ్లీ పూర్తి నమాజు. మన లెక్కలో చెప్పాలంటే, నల్లపాడు నుంచి విజయవాడో నరసరావుపేటో వెళ్లినవాడు ముసాఫిర్ కాడు. ఒంగోలు వెళ్లినవాడు ముసాఫిరే. మదీనాలో ఎనిమిది రోజులుండే మనవాళ్లు అక్కడా ముసాఫిర్లే. కానీ మస్జిదె నబవీలో ఇమాం వెనుక చేసేటప్పుడు ఆయనతోపాటు నాలుగు రకాతులూ చేయాలి. గదిలో ఒంటరిగా చేస్తే రెండే.

“ఏసీ బస్సులో పోతున్నాం, కష్టమేముంది? నాలుగూ చేసేద్దాం” అన్నారు మా గుమాస్తా మిత్రుడు. ఆలిం సాబ్ నవ్వి, “భాయ్, ఇది మీరు అడిగి తీసుకున్న రాయితీ కాదు, అల్లాహ్ ఇచ్చిన కానుక. కానుక తిరగ్గొట్టకూడదు” అన్నారు. ప్రయాణం ఒక విధమైన యాతన అని, మనిషికి నిద్ర, తిండి, నీళ్లు సరిగా అందనివ్వదని, పని ముగియగానే ఇంటికి త్వరగా తిరిగి రమ్మని దైవప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. బస్సు మెత్తగా ఉన్నంత మాత్రాన యాతన పోలేదు. దాని రూపం మారిందంతే. అది ఎలా మారిందో ఆ మధ్యాహ్నమే చూశాం.

ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా జట్టులో ఉన్నారు. అందరం ఖాలా అనేవాళ్లం. ఊళ్లో మిర్చి, పత్తి పండే పొలం ఉంది, ఏటా జకాత్ తీసే ఇల్లు. పొద్దున మా జట్టుకు ఒకే బస్సు అన్నవాళ్లు తీరా రెండు బస్సులు పెట్టారు. ఆ హడావుడిలో ఖాలా చేతిసంచీని పెద్ద సామాను అనుకుని రెండో బస్సు కింద అరలో పడేశారు. డబ్బు, ఫోను, షుగరు మాత్రలు, కళ్లజోడు అన్నీ అందులోనే. బస్సు కదిలాక గానీ ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా నోరు విప్పలేదు. దారిలో పెట్రోలు బంకు, చిన్న మసీదు, హోటళ్లు ఉన్న చోట బస్సు ఆగింది. అందరం దిగి టీలు, మంచినీళ్ల సీసాలు కొనుక్కుంటున్నాం. ఆమె మాత్రం మసీదు గోడ నీడన కూర్చుని అటూ ఇటూ చూస్తున్నారు. మా ఆవిడ టీ తీసుకెళ్తే, “నాకేం వద్దు బేటీ, మదీనా చేరాక తాగుతాలే” అన్నారు. రెండుసార్లు అడిగితే గానీ అసలు సంగతి బయటపడలేదు. ఊళ్లో పదిమందికి పెట్టే మనిషికి ఒక్క రియాల్ అడగడానికి నోరు రాలేదు.

ముస్లిం గ్రంథంలో హజ్రత్ అబూసయీద్ ఖుద్రీ (ర) చెప్పిన ఒక సంఘటన ఉంది. ఒక ప్రయాణంలో ఒక మనిషి తన వాహనం మీద వచ్చి కుడివైపూ ఎడమవైపూ చూడసాగాడు. ఏమీ అడగలేదు. దైవప్రవక్త (స) ఆ చూపు గమనించారు. ఎవరి దగ్గరైనా అదనపు వాహనం ఉంటే లేనివాడికి ఇవ్వాలని, అదనపు ఆహారం ఉంటే లేనివాడికి ఇవ్వాలని అన్నారు. ఇంకా ఎన్నో వస్తువుల పేర్లు చెప్పారట. తమకు అవసరానికి మించిన దేని మీదా హక్కు లేదేమో అని సహాబాలకు అనిపించేటంతగా చెప్పారట. ఈ హదీసు చాలాసార్లు చదివాను, పిల్లలకూ చెప్పాను. ‘కుడివైపూ ఎడమవైపూ చూడటం’ అన్న మాట మీద మాత్రం ఎప్పుడూ ఆగలేదు. బాటసారి గుర్తు అదేనని ఆ గోడ నీడన తెలిసింది. అతను చెయ్యి చాపడు, కళ్లతో వెతుకుతాడు.

మా పిల్లవాడి ప్రశ్నకు ఇక్కడ జవాబుంది. ఇంటి దగ్గర ఎంత ఆస్తి ఉన్నా, దారిలో అది చేతికి అందకపోతే అతను ఆ క్షణాన పేదవాడే. హనఫీ ఫుఖహాలు ఇబ్నుస్సబీల్‌ను ఇలాగే వివరించారు. సొంతూళ్లో నిసాబ్ ఉన్నవాడు సైతం దారిలో చేతికి ఏమీ అందని స్థితిలో ఉంటే, గమ్యం చేరడానికి సరిపడా జకాత్ తీసుకోవచ్చు. ఇల్లు చేరాక మిగిలింది తిరిగి ఇవ్వాలన్న నిబంధన లేదు. అయితే అప్పు పుట్టే అవకాశం ఉంటే అప్పు తీసుకోవడమే మేలు. ఆలిం సాబ్ ఈ మాట చెప్పగానే మా అమీరు పోస్ట్‌మాస్టరు గారు ఖాలా దగ్గరకు వెళ్లి, “ఆపా, ఇది అప్పు. మదీనాలో సంచీ దొరగ్గానే ఇచ్చెయ్యాలి, వదిలిపెట్టను” అని 50 రియాల్‌లు చేతిలో పెట్టారు. అప్పు అనేసరికి ఆమె తీసుకున్నారు. వేరే ఏ పేరు చెప్పినా తీసుకునేవారు కారు. అవే మాత్రలు వాడే మరొకరు తమ చీటీతో సరిచూసుకుని ఆ పూటకు ఆమెకు మాత్ర ఇచ్చారు. మా ఆవిడ కారప్పొడి డబ్బా తీసింది, అందరం పులావు పొట్లాలు విప్పుకున్నాం. సంచీ ఆ రాత్రే దొరికింది. 50 రియాల్‌లు తెల్లారేసరికి తిరిగొచ్చాయి.

నిసా సూరా 36వ ఆయత్‌లో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పేదలు, పొరుగువారు, వీరందరితో మంచిగా ఉండమని చెబుతూ ‘పక్కనున్న సహచరుడు’ అని ఒక మాట వస్తుంది. దాని వెంటనే ఇబ్నుస్సబీల్ ప్రస్తావన. ఆ సహచరుడు అంటే ప్రయాణంలో తోడున్నవాడు అని కొందరు ముఫస్సిర్లు రాశారు. రెండు మాటలూ పక్కపక్కనే ఉండటం నాకు చాలా నచ్చింది.

ఆ దారిలో మొదటి ప్రయాణం

మదీనా దారిలో పోతూ క్రీ.శ. 622 నాటి హిజ్రత్‌ను తలుచుకోనివారుండరు. మనం దాన్ని ఎక్కువగా అద్భుతాల కథగా వింటాం. ఉపాధ్యాయుడిగా నాకు అందులో కనిపించేది ఏర్పాటు. పుట్టిన ఊరు వదిలి ఇంకో ఊరికి ఇద్దరు మిత్రులు వెళ్తున్నారు. తలకు 100 ఒంటెల బహుమతి ప్రకటించి శత్రువులు వెంటపడుతున్నారు. ఆ ప్రయాణం ఎలా నడిచిందో చూడండి.

హజ్రత్ అబూబకర్ (ర) రెండు ఒంటెలను నెలల ముందు నుంచీ మేపి సిద్ధంగా ఉంచారు. ఒకటి తీసుకోమని అడిగితే దైవప్రవక్త (స) వెల చెల్లించే తీసుకుంటానన్నారు. ప్రాణమిత్రుడి దగ్గర కూడా లెక్క లెక్కే. మక్కావాసులు తన దగ్గర దాచుకున్న సొత్తును ఎవరిది వారికి అప్పగించమని హజ్రత్ అలీ (ర)ని ఊళ్లోనే ఉంచారు. తనను తరిమినవారి సొత్తు కూడా అందులో ఉంది. మదీనా ఉత్తరాన ఉంటే, ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లి మూడు రాత్రులు ఆగారు. అబూబకర్ (ర) కుమారుడు అబ్దుల్లాహ్ పగలంతా ఊళ్లో తిరిగి కబుర్లు విని చీకటి పడ్డాక వచ్చి చెప్పేవాడు. కాపరి ఆమిర్ బిన్ ఫుహైరా మేకల మందను అటు తోలుకొచ్చి పాలు ఇచ్చేవాడు. కుమార్తె అస్మా (ర) దారి బత్తెం సంచీ మూతి కట్టడానికి తాడు లేక తన నడికట్టునే చించి కట్టారు. ఆ నడికట్టు పేరే ఆమెకు బిరుదుగా మిగిలిపోయింది.

దారి చూపడానికి కుదుర్చుకున్న మనిషి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. అతను ముస్లిం కాడు, ఖురైషుల మతంలోనే ఉన్నవాడు. ఎడారి దారులు బాగా తెలిసినవాడు, నమ్మకస్తుడు. ఒంటెలు రెండూ అతని చేతికే అప్పగించి, మూడు రాత్రుల తర్వాత గుహ దగ్గరకు తీసుకురమ్మన్నారు. 100 ఒంటెల ఆశ ముందున్నా అతను మాట తప్పలేదు. పనికి మనిషిని ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలో ఈ ఒక్క సంగతి చాలు.

ఆ ప్రయాణంలో ఆస్తిపరుడైన అబూబకర్ (ర) ఉన్నారు, స్వేచ్ఛ పొందిన ఒకప్పటి బానిస ఆమిర్ ఉన్నాడు, కూలికి వచ్చిన అబ్దుల్లాహ్ ఉన్నాడు. దారిలో ఒకరు లేకపోతే మరొకరు కదలలేరు. తర్వాతి కాలంలో కూడా ప్రయాణాల్లో దైవప్రవక్త (స) బిడారు వెనుక భాగాన నడిచేవారని, వెనకబడిన బలహీనులను ముందుకు నడిపించి, తన వాహనం మీద ఎక్కించుకునేవారని జాబిర్ (ర) చెప్పిన హదీసు అబూదావూద్‌లో ఉంది. నాయకుడంటే ముందు సీటు అనుకునే మనకు ఇది వింతగా ఉంటుంది. మా పోస్ట్‌మాస్టరు గారు ఆ రోజంతా బస్సులో చివరి వరుసలోనే కూర్చున్నారు. ఎందుకని నేను అడగలేదు.

సాయంత్రం మదీనా మినార్లు కనిపించగానే బస్సంతా సలాములు, దరూద్‌లు. ప్రయాణం నుంచి తిరిగి వస్తూ మదీనా గోడలు కనబడగానే దైవప్రవక్త (స) వాహనాన్ని వేగం చేసేవారని బుఖారీలో ఉంది. మన ఊరి పొలిమేర కనబడితే మనకూ అంతే కదా.

దారి వేసినవారు

ఈ ఐదారు గంటల ప్రయాణానికి మన తాతల కాలంలో ఒంటెల మీద పది, పన్నెండు రోజులు పట్టేది. గుంటూరు జిల్లా నుంచి వెళ్లినవారు రైలులో బొంబాయి చేరి, అక్కడ ఓడెక్కి జిద్దాలో దిగేవారు. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. ఆ రోజుల్లో బాటసారిని కాపాడింది దాతలే. ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుంచి మక్కా దాకా ఎడారి దారిలో బావులు, మజిలీలు కట్టించారు. మక్కాకు నీటి కాలువ తెప్పించారు. వెయ్యేళ్లు దాటినా ఆ దారిని జుబైదా దారి అనే పిలుస్తున్నారు.

మన పక్కనున్న హైదరాబాదు సంగతి మరీ ఆసక్తికరం. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా తన రాజ్యం నుంచి హజ్‌కు వచ్చేవారు ఉచితంగా బస చేయడానికి మక్కాలో ఇళ్లు కొని వక్ఫ్ చేశారు. వాటినే రుబాత్ అంటారు. పాత నిజాం రాజ్యంలోని జిల్లాల హాజీలకు ఆ సౌకర్యం మన కాలం దాకా కొనసాగుతూ వచ్చింది. తెలంగాణ వారికి అందులో చోటుంది, మనకు లేదు. ఎందుకంటే గుంటూరు సర్కారు 1788లోనే నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. రాజులు మారితే బాటసారి బస కూడా మారిపోతుందన్నమాట! చరిత్ర పాఠం చెప్పేటప్పుడు ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు.

ఇంకొకటి, హిజాజ్ రైలు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ కాలంలో 1900లో పని మొదలై 1908లో డమాస్కస్ నుంచి మదీనా దాకా సుమారు 1,300 కిలోమీటర్ల దారి పూర్తయింది. ప్రపంచమంతటి ముస్లింలు చందాలు వేసుకున్నారు, మన దేశం నుంచి కూడా చాలా సొమ్ము వెళ్లింది. మక్కా దాకా వేయాలనుకున్నారు, కానీ మదీనా దగ్గరే ఆగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బాగా దెబ్బతింది. మక్కా, మదీనాల మధ్య రైలు నడవడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు హరమైన్ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మా జట్టులో కుర్రవాళ్లు అందులో వెళ్దామని సరదాపడ్డారు. టికెట్టు ధర చూసి పెద్దవాళ్లు బస్సే నయమన్నారు.

మన నల్లపాడులో

ఇక మన ఊరి లెక్క. నల్లపాడు జంక్షన్. ఒక దారి నడికుడి మీదుగా సికింద్రాబాదుకు, ఇంకొకటి నంద్యాల వైపు. పక్కనే గుంటూరులో పెద్దాసుపత్రి, మిర్చియార్డు. అంటే బాటసారులు మన గుమ్మం ముందు నుంచే పోతుంటారు. ప్రకాశం, పల్నాడు పల్లెల నుంచి రోగిని తీసుకొచ్చి ఆసుపత్రి ఆవరణలో పడుకునేవారిని మీరూ చూసే ఉంటారు. రెండు రోజులనుకుని వస్తే పది రోజులవుతుంది, తిరుగు ప్రయాణానికి పైసా మిగలదు. మిర్చి కోతల కాలంలో కర్నూలు వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. పిల్లలు బడి మానేసి వెంట వస్తారు. మా బడి కిటికీలో నుంచి వాళ్లు కనిపిస్తుంటారు. హాజరుపట్టీలో వాళ్ల పేరు ఇక్కడా ఉండదు, సొంతూళ్లో ఉన్నా లాభం లేదు. వాళ్లు కూడా అటూ ఇటూ చూసేవాళ్లే.

ఇక్కడ దాతలు జాగ్రత్తగా గమనించాల్సిన విషయం ఒకటుంది. హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ సొమ్మును అర్హుడైన ముస్లిం చేతికి ఇచ్చి, అతన్ని దానికి యజమానిని చేయాలి. దీన్ని తమ్లీక్ అంటారు. కాబట్టి జకాత్‌తో ముసాఫిర్‌ఖానా కట్టడం, బోరు వేయించడం, నీళ్ల కుండలు పెట్టించడం కుదరదు. వాటికి లిల్లాహ్, సదఖా సొమ్ము వాడాలి, లేదా వక్ఫ్ చేయాలి. జుబైదా బావులూ నిజాం ఇళ్లూ ఈ కోవలోవే. మిర్చి కూలీల్లో అన్ని మతాల వారూ ఉంటారు. వాళ్ల పిల్లలకు పలకా పుస్తకాలో, ఆసుపత్రి దగ్గర అన్నమో పెట్టాలంటే ఆ ఖర్చూ లిల్లాహ్ నుంచే పెట్టాలి. అందుకే సొసైటీకి ఇచ్చేటప్పుడు ఇది జకాతా, లిల్లాహ్‌నా అని రసీదు మీద రాయించండి. చాలామంది “ఏదో ఒకటి రాసుకోండి సాబ్” అని వెళ్లిపోతారు. లెక్క చూసేవాళ్లకు దానితో ఎంత చిక్కో చెప్పలేను.

చివరగా, ప్రతి ఏటా నన్ను అడిగే ప్రశ్న. “మాస్టారూ, బస్టాండులో ఒకడు పర్సు పోయింది, టికెట్టుకు డబ్బులివ్వండి అంటాడు. రేపు అదే మనిషి ఇంకో చోట కనిపిస్తాడు. వాడు బాటసారో మోసగాడో మాకెలా తెలుస్తుంది?” ఫిఖ్‌హ్ గ్రంథాలు దీన్ని ఆలోచించకుండా వదల్లేదు. ఇచ్చేవాడు విచారించాలి. మనసుకు నిజమే అనిపిస్తే ఇవ్వాలి. తర్వాత అతను అర్హుడు కాడని తేలినా, ఇమాం అబూహనీఫా (రహ్మ) అభిప్రాయం ప్రకారం ఇచ్చినవాడి జకాత్ చెల్లినట్టే. మళ్లీ ఇవ్వనక్కర్లేదు. విచారించకుండా ఇవ్వడం వేరు, విచారించాక మోసపోవడం వేరు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. డబ్బు ఇవ్వను. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాను, వీలైతే ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోను చేస్తాను. తర్వాత అతని వెంట కౌంటరు దాకా వెళ్లి, అతను చెప్పిన ఊరికే టికెట్టు తీసి చేతిలో పెడతాను. టికెట్టు అతని చేతికి చేరింది కాబట్టి తమ్లీక్ కూడా పూర్తయినట్టే. దారిలో తినడానికి ఒక పొట్లం కట్టిస్తాను. అబద్ధం చెప్పినవాళ్లలో సగం మంది కౌంటరు దాకా రారు, మధ్యలోనే ఏదో పని ఉందని తప్పుకుంటారు. వచ్చినవాళ్లను బండి ఎక్కేదాకా ఉండి పంపిస్తాను. నంద్యాల బండికి ఎక్కువ టైము ఉంటే అక్కడే బెంచీ మీద ఇద్దరం టీ తాగుతాం.